కారు షెడ్డులో పట్టాల రంపం

మా ఇంట్లో కారు లేదు గాని కారు షెడ్డు ఉంది. అరసవల్లిలో ఇల్లు కట్టించుకుంటున్నప్పుడు మేస్త్రీ ఒకరోజు తలగుడ్డ విప్పి దులుపుకుంటూ, "రేపొద్దున్న కారు కొంటే ఎక్కడెడతారు బాబూ?" అని మా ఆయన్ని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకి మా ఆయన పొంగిపోయి, ఇంటి పక్కన ఇనప షట్టరుతో పొడుగాటి గది ఒకటి వేయించేశారు. ఆ రేపొద్దున్న ఇంతవరకూ తెల్లారలేదు. కొన్నాళ్ళు అందులో స్కూటరు, కోడు విరిగిన మంచం, కొట్లో పట్టని కొబ్బరికాయల బస్తాలు ఉండేవి. ఇప్పుడది నా గది.

మాది పూజా సామాన్ల కొట్టు. గుడికి వెళ్ళే రోడ్డు మీద మా మామగారి నాటి నుంచీ ఉంది. పసుపు, కుంకుమ, కర్పూరం, సాంబ్రాణి, వత్తులు అమ్ముతాం. ఆదివారం వచ్చిందంటే గల్లా దగ్గర నిలబడడానికి చోటుండదు. నేను రంపం పట్టింది ఆ కొట్టు పుణ్యమే. అల్మారాలు చేస్తానని ఒప్పుకున్న వడ్రంగి సగం చెక్కలు కోసి, మిగతా సగం గోడకి చేరేసి, "రేపొస్తానమ్మా" అని వెళ్ళాడు. ఆ రేపు కూడా మేస్త్రీ చెప్పిన రేపు లాంటిదే. నాకు కోపం జాస్తి. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, వడ్రంగి మీది కోపం ప్లైవుడ్ మీద చూపించాను. అతను వదిలేసి వెళ్ళిన చేతిరంపంతో మొదలుపెట్టి అల్మారాలు పూర్తి చేశాను. వంకర్లు వచ్చాయి. ఆ వంకర్లు ఈనాటికీ అగరొత్తుల పెట్టెల వెనకాల దాక్కుని ఉన్నాయి.

కోపంతో నేర్చుకున్న విద్య మీద ఇంత ప్రేమ పుడుతుందని నేననుకోలేదు. తర్వాత చేత్తో పట్టుకునే చిన్న కట్టర్ మిషను కొన్నాను. వీధిలో వాళ్ళకి పీటలు, వంటింటి అరలు, ఎక్కువగా చెప్పుల స్టాండ్లు చేసిపెట్టేదాన్ని. ఆయన దేవుడికి కావలసినవి అమ్ముతారు, నేను చెప్పులకి కావలసినవి చేస్తానని చుట్టాలు నవ్వేవారు. నవ్వనివ్వండి. పండక్కి మా ఇంటికొచ్చి, వెళ్ళేటప్పుడు ఒక స్టాండు ఆటోలో వేసుకుపోయినవాళ్ళే వాళ్ళంతా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వీధి నిద్రపోతుంది. అప్పుడు నేను షెడ్డులోకి వెళ్ళేదాన్ని. షట్టరు సగం దించితే లోపల చల్లగా, మసగ్గా ఉండేది. గోడ పైన ఉన్న వెంటిలేటరులోంచి ఎండ వాలుగా ఒక పలకలా దిగేది. కట్టర్ ఆపి పక్కన పెట్టాక, గాల్లోకి లేచిన పొడి ఆ ఎండలోకి వచ్చి తిరుగుతూ ఉండేది. పసుపురంగు పొడి పైకి వెళ్తూ, కిందికి వస్తూ, ఎక్కడా ఆగకుండా, ఏ పనీ లేకుండా తేలేది. నేను పీట మీద కూర్చుని దాన్ని చూస్తూ ఎంతసేపుండేదాన్నో నాకే తెలీదు. ఎక్కడో ఆటో హారన్ మోగేది. టేకు ముక్క తీపి వాసన, వేప ముక్క చేదు వాసన కలిసి వచ్చేవి. నేను ఎవరి భార్యనో, ఎవరి కోడలినో, ఇంట్లో పప్పు ఉందో లేదో, ఏదీ గుర్తుండేది కాదు. అంత సుఖం నాకు ఇంకెక్కడా దొరకలేదని చెప్పడానికి సిగ్గుపడను.

ఆ పొడే నా ఊపిరితిత్తుల్లోకి పోతోందని డాక్టరమ్మ చెప్పింది. దగ్గు మొదలై చాలా కాలమైంది. మొదట పడిశం అనుకున్నాం, తర్వాత వానాకాలం అన్నాం, ఆ తర్వాత వయసు అన్నాం. చివరికి మెట్లెక్కుతుంటే ఛాతీలో పిల్లి కూత మొదలయ్యాక శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ నా చేతికి ఒక గొట్టం ఇచ్చి బలంగా ఊదమంది. ఊదాను. గొట్టం పక్కనున్న ముల్లు కాస్త లేచి ఆగిపోయింది. ఇది ఉబ్బసం అని చెప్పి, పీల్చే మందు రాసి, ఇంట్లో దుమ్ము పనులేమైనా చేస్తారా అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా ఆయన షెడ్డు సంగతంతా చెప్పేశారు. కొట్లో బేరం మీద కూర్చుని నలిగిన మనిషి, చెప్పడం మొదలుపెడితే ఏదీ మిగల్చరు.

ఇంటికొచ్చాక పెద్ద గొడవైంది. షెడ్డుకి తాళం వేసేద్దామన్నారాయన.

"తాళమేస్తే నాకూ ఒక తాళమేసినట్టే," అన్నాను.

"ఊపిరుంటే కదే సెక్క కోసేది? ఊపిరి లేకపోతే ఏటి కోస్తావు?"

ఆ మాట నిజమే. కానీ నేనూ కోమటింట పుట్టినదాన్నే, బేరం లేకుండా ఏదీ వదలను. పొడి గాల్లోకి లేవకుండా కోసే రంపాలు వచ్చాయని, పుట్టిన పొడిని పుట్టినచోటే లాగేసే మిషన్లు వచ్చాయని, అవి కొని చూస్తానని చెప్పాను. మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ ముల్లు పైకి లేస్తే షెడ్డు నాది. లేవకపోతే నా చేతుల్తో నేనే తాళం తెచ్చి ఆయన చేతిలో పెడతాను. ఆయన "మాటంటే మాటే," అన్నారు. మా ఇళ్ళల్లో అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

ఇక నా రోజులన్నీ రంపాల కలలోనే గడిచాయి. మధ్యాహ్నం ఫ్యాను కింద చాప పరుచుకుని, ఫోన్లో ఎవరెవరో రంపాలు తిప్పుతుంటే చూసేదాన్ని. వాళ్ళు మాట్లాడేది సగం అర్థమయ్యేది కాదు. కానీ ఆ రంపం పట్టా మీద జారుతుంటే మాటలక్కర్లేదనిపించేది. చూస్తూ చూస్తూ నిద్రపోయేదాన్ని. కలలో నాగావళి ఇసక మీద పొడుగాటి పట్టా పరిచి ఉండేది, దాని మీద నేను రంపాన్ని తోసుకుంటూ అవతలి గట్టుకి వెళ్ళిపోయేదాన్ని. మెలకువ వచ్చాక కూడా చెయ్యి తోస్తున్నట్టే ఉండేది.

ఆ రంపం సంగతి చెప్పాలి. మామూలు కట్టర్‌ని చేత్తో పట్టుకుని గీత వెంట నడిపించాలి. చెయ్యి కాస్త వణికితే గీత ఒక దారి, కోత ఒక దారి. పట్టాల రంపం అలా కాదు. ముందు పొడుగాటి అల్యూమినియం పట్టాని గీతకి ఆనించి చెక్క మీద పరుస్తాం. రంపం దాని మీద కూర్చుంటుంది. నొక్కితే పళ్ళచక్రం చెక్కలోకి దిగుతుంది, తోస్తే పట్టా చూపించిన దారినే పోతుంది. చక్రం చుట్టూ మూత ఉంటుంది. ఆ మూత వెనకాల ఉన్న ముక్కుకి గొట్టం తగిలిస్తే పొడి బయటికి రాకుండా గొట్టంలోకి పోతుంది. రంపం ఏది కొన్నా అది సగం సంగతే. ఆ గొట్టానికి అవతలి కొసన ఉండే దుమ్ము మిషను మిగతా సగం.

శ్రీకాకుళంలో ప్లైవుడ్ అమ్మే మా మేనబావ ఒకడున్నాడు. చిన్నప్పటి నుంచీ నన్ను ఏడిపించడమే పనిగా పెట్టుకున్నవాడు. అతని కొట్టుకి వెళ్ళి సలహా అడిగాను.

"పట్టాల రంపమేటే? ఆమదాలవలస టేసన్‌కి ఎళ్ళి అడుగు, టిక్కెట్టు కూడా ఇస్తారు," అన్నాడు.

"నవ్వింది సాలు గాని, దుమ్ము మిషనులో ఏది మంచిదో సెప్పు బావా."

కొట్టు వెనకాల ఉన్న మిషను ముందుకి తెప్పించాడు. చిన్న డ్రమ్ముకి చక్రాలు పెట్టినట్టుంది. కింద పడి ఉన్న రంపంపొట్టుని గబగబా మింగేసింది. బావ మీసం దువ్వుకున్నాడు. అంతలోనే నాకు దగ్గు తెర వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా దగ్గాను. పొట్టునైతే మింగింది గాని, మెత్తటి పొడినంతా వెనకాల నుంచి గదిలోకి ఊదేస్తోంది. బావ కంగారుపడి నీళ్ళు తెచ్చిచ్చాడు. ఆ రోజంతా మళ్ళీ పరాచికం ఆడలేదు.

అక్కడే నాకు విషయం తెలిసింది. కంటికి కనిపించే పొట్టుతో నాకు పేచీ లేదు. అది కింద పడుతుంది, చీపురుకి దొరుకుతుంది. కనిపించని పొడే లోపలికి పోయి కూర్చుంటుంది. కాబట్టి నేను కొనే మిషనులో గుడ్డలాంటి సంచీ ఉండాలి, ఆ సంచీ వెనక సన్నటి పొడిని కూడా ఆపే ఫిల్టరు ఉండాలి, గొట్టం లావుగా ఉండాలి. కొన్నిటికి ముందు ఒక డ్రమ్ము తగిలిస్తారు. దాని మీది గరాటులో గాలి సుడి తిరిగి పొట్టు డ్రమ్ములో పడిపోతుంది, సంచీ తొందరగా నిండదు. అది నాకు బాగా నచ్చింది గాని, పెట్టడానికి నా షెడ్డులో చోటేదీ? స్కూటరు ఇంకా ఆ మూలనే ఉంది.

బేటరీ రంపమా, వైరు రంపమా అన్నది ఇంకో తగువు. తుఫానొస్తే రోజుల తరబడి కరెంటుండదు, బేటరీదే కొనమన్నాడు బావ. నాకది ఎదురు దారిగా తోచింది. కరెంటు లేనప్పుడు దుమ్ము మిషను తిరగదు. అది తిరగనప్పుడు రంపం ఒక్కటే తిరిగితే నా గతేం కాను? వైరు రంపమైతే దాని ప్లగ్గు దుమ్ము మిషను ముఖానికే పెట్టొచ్చు. రంపం మొదలవగానే మిషను దానంతటదే మొదలవుతుంది, రంపం ఆగాక కూడా కాస్సేపు లాగుతుంది. నేను మర్చిపోయినా అది మర్చిపోదు. పట్టా మాత్రం రెండు ముక్కలది తీసుకుందామనుకున్నాను. ఎనిమిదడుగుల షీటుకి సరిపోయే ఒక్క పట్టాని బస్సులో తీసుకొస్తే కండక్టరు నన్ను దింపేస్తాడు.

ఏది ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి నాకు కాయితం మీద గీయడం రాదు. ముగ్గు వచ్చు. తెల్లారగట్ల గుమ్మం ముందు ముగ్గేశాక అదే ఊపులో షెడ్డులోకి వెళ్ళి నేల మీద వేసేదాన్ని. ముగ్గుపిండి కూడా దుమ్మే కదా, అందుకని తడిపిన సుద్దముక్కతో గీసేదాన్ని. ఇక్కడ ప్లైవుడ్ షీటు, దాని చుట్టూ నేను నడిచే దారి, ఆ మూల మిషను. చుక్కల చుట్టూ మెలిక తిప్పినట్టు గొట్టాన్ని తిప్పేదాన్ని. గొట్టం కాళ్ళకి అడ్డం పడకుండా ఉండే మెలిక దొరికేదాకా రోజూ తుడిచి మళ్ళీ వేశాను. ఒక పొద్దున్న మా ఆయన బ్రష్షు నోట్లో పెట్టుకుని వచ్చి ఆ ముగ్గు చుట్టూ జాగ్రత్తగా నడిచి, దేన్నీ తొక్కకుండా తిరిగి వెళ్ళారు. ఆయనకి షెడ్డంటే కోపమే. కానీ ముగ్గు తొక్కడం ఆయన వల్ల కాదు.

కొనడానికి ఇద్దరం విశాఖపట్నం వెళ్ళాం. అక్కడ మిషన్ల కొట్టులో కుర్చీ ఆయనకి వేశారు, టీ ఆయనకి ఇచ్చారు, రంపం కూడా ఆయనకే చూపించడం మొదలుపెట్టారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను నోరు విప్పేలోగా ఆయనే టీ గ్లాసు కింద పెట్టి, "నాకు సూపించకు బాబూ. కొబ్బరికాయ కొట్టడం తప్ప నాకేటీ రాదు. కోసేది ఆవిడ," అన్నారు. ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపాలన్నీ, కొన్నయినా, పోయాయి.

నేను ఇంటి నుంచి నల్ల గొడుగు తీసుకెళ్ళాను. అది విప్పి చెక్క పక్కనే పెట్టి కొయ్యమన్నాను. కొట్టు కుర్రాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. రంపం పట్టా మీద ఆ కొస నుంచి ఈ కొసకి వెళ్ళింది. గొడుగు దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. నల్లగా, ఇంటి నుంచి తెచ్చినది తెచ్చినట్టే ఉంది. ఎక్కడో ఒకటి రెండు పొట్టు ముక్కలు తప్పితే పొడన్నది లేదు. నేను గొడుగు మూసి చంకలో పెట్టుకుని, ఇదే ఇమ్మన్నాను.

ఇంట్లో మొదటి కోత ఒక బుధవారం మధ్యాహ్నం కోశాను. పట్టా అంచుకి రబ్బరు పట్టీ ఒకటి ఉంటుంది. మొదటిసారి కోసినప్పుడు రంపం ఆ పట్టీని కూడా తన కొలతకి కోసుకుంటుంది. ఆ తర్వాత ఆ అంచు ఎక్కడుంటే కోత అక్కడే. మూతికి గుడ్డ కట్టుకుని, నొక్కి, తోశాను. తలలో పాపిడి తీసినట్టు షీటు రెండుగా విడిపోయింది. రంపం ఆగింది, దుమ్ము మిషను ఇంకాస్సేపు లాగి అదీ ఆగింది. షెడ్డులో ఏ చప్పుడూ లేదు. ఎండ వెంటిలేటరులోంచి వాలుగా దిగుతోంది. అందులో ఏమీ లేదు. ఒట్టి ఎండ.

నిజం చెబితే నాకు దిగులేసింది. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గాని, ఇక్కడ పుండూ నాదే, ముద్దూ నాకే. ఆ పొడి నన్ను చంపుతోందని తెలిసినా అది లేని ఎండని చూస్తే, పెళ్ళివారు వెళ్ళిపోయాక ఇల్లు చూసినట్టనిపించింది. రెండు మూడు రోజుల్లో అలవాటైంది. మధ్యాహ్నాలు మళ్ళీ కలలా గడవసాగాయి. పాట పాడుతూ కోసేదాన్ని. దగ్గు రాకుండా పాట చివరిదాకా వచ్చేది. సాయంత్రాలు మాత్రం మామూలే. దీపాలవేళకి ఛాతీ పట్టేసేది, మెట్ల మీద కూర్చుని మందు పీల్చేదాన్ని. మధ్యాహ్నం పని చేసిన బడలిక అనుకునేదాన్ని. ఎంత మంచి మిషనైనా ఎక్కడో కాస్త పొడి వదిలేస్తోందేమోనని వంగి వంగి గొట్టం అతుకులు వెతికేదాన్ని.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాలనగా, ఆ సాయంత్రం మా ఆయన కొట్టు నుంచి పెందరాళే వచ్చారు. దీపం పెట్టి, ఎప్పటిలాగే ధూపం వేశారు. కొబ్బరిపీచు నిప్పు మీద సాంబ్రాణి చల్లి, ఆ పళ్ళెం పట్టుకుని గదిగదికీ తిరగడం ఆయన రోజూ చేసే పనే. కొట్లోనూ అంతే. గల్లాపెట్టెకి చూపిస్తారు, తక్కెడకి చూపిస్తారు. ఖాళీ తక్కెడకి చూపించకూడదని ఆయన నమ్మకం. ఒక పళ్ళెంలో పసుపుకొమ్మైనా వేసి, తక్కెడ ఊగుతుండగా చూపించాలి. పని చేస్తున్న దానికే దేవుడి పొగ పడుతుందని మా మామగారు చెప్పేవారట. ఆ రోజు ఆయన ధూపం పళ్ళెంతో షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఎన్నడూ రాలేదు. ఆ పళ్ళెంతో షెడ్డులోకి రావడమంటే, నా పనిని ఆయన కొట్టు పక్కన కూర్చోబెట్టినట్టు.

"రేపు ఆ ముల్లు లేవాల. మిషను ఒకపాలి తిప్పవే, సూపిస్తాను," అన్నారు.

దుమ్ము మిషను ఒక్కదాన్నే ఆన్ చేశాను. ఆయన ముందు రంపానికి చూపించారు, తర్వాత పట్టాకి, ఆ తర్వాత మిషనుకి. గొట్టం మూతి బల్ల మీద ఉంది. ధూపం దాని దగ్గరికి రాగానే పొగ పైకి లేవడం మానేసి, నీళ్ళు ఒంపినట్టు పక్కకి తిరిగి గొట్టంలోకి దూరిపోయింది. ఇద్దరం నవ్వాం. ఆయన పళ్ళెం వెనక్కి తీశారు, మళ్ళీ దగ్గరికి పెట్టారు. తెల్లటి పొగ సన్నగా సాగి సాగి లోపలికి పోతుంటే, సాయంత్రపు వెలుతురులో అది చూస్తూ అలా ఉండిపోయాం. పెళ్ళైన కొత్తల్లో కూడా మేమిద్దరం కలిసి ఒక పనికిరాని దాన్ని అంతసేపు చూసిన గుర్తు లేదు. ఆ పొగతో పాటు పీచు నిప్పురవ్వ ఒకటి లోపలికి వెళ్ళింది. మేమెవ్వరం చూడలేదు.

మిషను ఆపి వంటింట్లోకి వచ్చాం. నేను పెసరట్ల పిండి కలుపుతున్నాను. సాంబ్రాణి వాసన వస్తోంది. రోజూ వచ్చేదే గనక ఎవరమూ పట్టించుకోలేదు. ఆయన ముక్కు ఎగబీల్చి, "ఇవాళ సరుకు బాగున్నాది," అన్నారు. నాకు ఛాతీ బిగిసింది. రోజూ బిగిసేదే అనుకుని మందు పీల్చాను. తగ్గలేదు. గిన్నె కింద పెట్టి గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల పిల్లి కూత కాదు, పులి కూత మొదలైంది. గాలి కోసం షెడ్డు వైపు గుమ్మం దగ్గరికి వెళ్తే ఎక్కువైంది. అది నాకు అర్థం కాలేదు. బయటికి వెళ్తే తగ్గాలి కదా? ఆయన్ని పిలవడానికి మాట రాక చెంబు కింద పడేశాను.

ఆయన వచ్చి షెడ్డు లైటు వేశారు. దుమ్ము మిషను వెనకాల నుంచి సన్నటి పొగ వస్తోంది. మూత తీస్తే సంచీలో ఎర్రగా కనిపించింది. మెత్తటి పొడి మంట లేకుండా లోపల్లోపలే రాజుకుంటోంది. ఆయన ఆ సంచీని ఉత్త చేతుల్తో లాగి పెరట్లోకి విసిరేశారు, బకెట్లకి బకెట్లు నీళ్ళు పోశారు. ప్లైవుడ్డు, రంగుడబ్బాలు, స్కూటర్లో పెట్రోలు, అన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. నేను మెట్ల మీద కూర్చుని ఊపిరి వెతుక్కుంటున్నాను. ఆయన ఎడమచేతి వేళ్ళు కాలాయి. నా పక్కన కూర్చుని వెన్ను రాస్తూ, తన చేతి సంగతి చాలాసేపటి దాకా చెప్పలేదు.

మర్నాడు ఆసుపత్రిలో గొట్టం ఊదాను. ముల్లు మొదటిసారి లేచినంత కూడా లేవలేదు. నాకు డాక్టరమ్మ మొహం కనిపించలేదు. షట్టరు దిగిపోతున్న చప్పుడు వినిపించింది. మాటంటే మాటే.

అప్పుడు మా ఆయన కుర్చీ ముందుకి జరిపి కూర్చున్నారు. "తప్పు సెక్కది కాదండీ డాక్టరమ్మా, నాది," అన్నారు. కట్టు కట్టిన వేళ్ళు చూపించి, ధూపం సంగతి, నిప్పురవ్వ సంగతి, ఏదీ మిగల్చకుండా చెప్పారు. రంపం ఎంత శుభ్రంగా కోస్తుందో కూడా చెప్పారు. నల్ల గొడుగు సంగతి కూడా చెప్పారు. తాళం వేద్దామన్న మనిషే నా తరఫున వకాల్తా పుచ్చుకుని అలా మాట్లాడుతుంటే నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

డాక్టరమ్మ అంతా విని, "ధూపం నిన్న ఒక్కరోజే వేశారా?" అని అడిగింది.

"లేదండీ. రోజూ ఏస్తాను. మా నాన్న కాలం నుంచీ."

"ఇల్లంతా?"

"గదిగదికీ."

ఆవిడ నా వైపు తిరిగి, ఆయాసం ఏ వేళకి ఎక్కువవుతుందని అడిగింది. సాయంత్రం, అన్నాను. ఆయన ధూపం వేసే వేళ అదే. చెక్కపొడి చేసేది చెక్కపొడి చేస్తుందని, దాన్ని కట్టడి చేసి మంచి పని చేశారని, ఈ పొగ కూడా మానేసి మళ్ళీ వచ్చి ఊదమని ఆవిడ చెప్పింది.

స్కూటరు మీద తిరిగి బయల్దేరాం. ఏడురోడ్ల జంక్షన్ దాటాం, వంతెన దాటాం. నేను ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఇంటికి రాగానే షెడ్డు తాళం, తాళంచెవి తెచ్చి బల్ల మీద ఆయన ముందు పెట్టాను. ముల్లు లేవలేదు, మాట ఇచ్చాను, ఇంకేం చెయ్యను? ఆయన వాటి వైపు చూసి, తీసుకోకుండానే కొట్టుకి వెళ్ళిపోయారు.

సాయంత్రం వచ్చి, స్నానం చేసి, దీపం పెట్టారు. దీపం ఒక్కటే. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఆయనకి తెలియలేదు. చేతులు అలవాటు కొద్దీ పళ్ళెం కోసం వెళ్ళి ఆగిపోయాయి. ఇల్లంతా ఒకసారి ఉత్త చేతుల్తో తిరిగి, షెడ్డు దగ్గర మెట్ల మీద నా పక్కన వచ్చి కూర్చున్నారు. వాళ్ళ నాన్న నేర్పిన పనిని ఆ మనిషి నా కోసం మానేశారని తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఆపుకున్నాను.

"ఇన్నేళ్ళు నీకు ఊపిరాడకపోతే ఒక్కనాడు సెప్పలేదేటే?" అన్నారు.

చెప్పడానికి నాకు మాత్రం తెలుసా? తెలుసేమో. ఆయన పళ్ళెంతో గదిలోకి రాగానే ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని, కొత్తకోడలిగా ఉన్నప్పటి నుంచీ. ఎందుకు వెళ్తున్నానో నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. చెక్కపొడి నాది గనక దాని మీద నేరం మోపడం అందరికీ సులువైంది, నాకు కూడా.

"దేవుడి పొగ కదండీ," అన్నాను. "ఎలా సెప్తాను?"

ఆయన లేచి షెడ్డులోకి వెళ్ళి, గోడకి చేరేసిన ప్లైవుడ్ షీటుకి ఒక కొస మంచి చేత్తో పట్టుకుని, నేను రెండో కొస పట్టుకుంటానని ఎదురుచూస్తూ నిలబడ్డారు.